హిమాలయపు మంచును ఆకాశమునుండి కొలుచు విధము

చెరువు పూడిక తీయించిన ప్రతి పంచాయతీ సభ్యునకును కొలత యొక్క విలువ తెలియును. పని ఆరంభమునకు ముందు నేలమట్టమెంత, పని ముగిసిన తరువాత ఎంత, ఈ రెండింటి తేడాను గుంట వైశాల్యముతో హెచ్చవేసినచో తీసిన మట్టి ఎంతయో తేలును. కొలత సరిచూచుకొనుటకై గుంటలో అక్కడక్కడ తవ్వని మట్టిదిబ్బలను వదలిపెట్టుటయు మన వాడుకయే. హిమాలయములలోని మంచు ఎంత తరిగినదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు అవలంబించు పద్ధతియు మూలమున ఇదియే. అయితే వారి కొలత సాధనము కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములలో నున్నది. ఆ పద్ధతిని గూర్చియు, దానితో మనకు గల సంబంధమును గూర్చియు ఇక్కడ వివరింపదలచితిమి.

హిమానీనదమనగా నేమి?

ఎత్తైన కొండలపై ఏటేట కురియు మంచు పొరమీద పొరగా పేరుకొని, తన బరువునకు తానే గట్టిపడి గడ్డగా మారును. ఆ గడ్డ పల్లమువైపు మెల్లమెల్లగా జారును. దీనినే హిమానీనదమందురు. గంగోత్రి హిమానీనదము సుమారు 30 కిలోమీటర్ల పొడవు కలది. దాని మొనయగు గోముఖము వద్ద భాగీరథి పుట్టుచున్నది. పైభాగమున కురిసిన మంచు జమ. క్రిందిభాగమున కరగినది ఖర్చు. ఖర్చు జమను మించినచో నిలువ తరుగును.

మొన వెనుకకు తగ్గుటను మాత్రమే చూచి కరుగుదలను అంచనా వేయుట చాలదు. అనేక హిమానీనదముల క్రిందిభాగము రాళ్లతోను మట్టితోను కప్పబడి యుండును. అట్టిచోట మొన కదలకున్నను మందము తగ్గిపోవుచుండవచ్చును. కావున మందములోని మార్పునే కొలువవలెను.

మంచులో కర్రలు పాతి, ఏడాది తరువాత ఎంత బయటపడెనో చూచుట పాత పద్ధతి. నేటికిని అది నమ్మదగినదే. హిమాచల ప్రదేశములోని ఛోటా శిగ్రి హిమానీనదముపై 2002 నుండి ఇట్టి కొలతలు తీసికొనబడినవి. కాని ప్రపంచమున రెండు లక్షలకు పైగా హిమానీనదములు కలవు. అన్నింటిపైకిని మనుష్యులెక్కి కర్రలు పాతుట అసాధ్యము. అందుచేతనే ఉపగ్రహములు అవసరమైనవి.

కొలుచు మార్గములు

మొదటిది రెండు చిత్రముల మార్గము. మనకు రెండు కన్నులున్నందున వస్తువుల దూరము తెలియుచున్నది. అట్లే ఒకే కొండను రెండు కోణములనుండి తీసిన చిత్రములను పోల్చినచో దాని ఎత్తు తెలియును. 2005 మే 5న మన శ్రీహరికోటనుండి ప్రయోగింపబడిన కార్టోశాట్-1లో ఇందుకొరకే రెండు కెమెరాలు అమర్చిరి. అది పంపిన చిత్రములు హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రమునకు చేరినవి.

రెండవది లేసరు కిరణము. 2018లో అమెరికా ప్రయోగించిన ఐశాట్-2 సుమారు 500 కిలోమీటర్ల ఎత్తునుండి సెకనునకు 10,000 మారులు ఆకుపచ్చని కాంతిని క్రిందికి విడుచును. ఆ కాంతి మంచును తాకి తిరిగి వచ్చుటకు సెకనులో సుమారు 300వ వంతు కాలము పట్టును. ఆ కాలమును బట్టి దూరమును, దూరమును బట్టి మంచు ఉపరితలపు ఎత్తును లెక్కింతురు. దట్టమైన మేఘములు కమ్మినపుడు మాత్రము ఇది పనిచేయదు.

మూడవది రేడారు. ఇది మేఘములను దాటి చూడగలదు. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అను వ్యోమనౌక 11 దినములలో భూమియొక్క చాలభాగమునకు ఎత్తుల పటము తయారుచేసినది. అయితే రేడారు తరంగము పొడిమంచులోనికి కొంత చొచ్చుకొనిపోవును గనుక, ఆ మేరకు లెక్క సవరింపవలెను.

నాలుగవది బరువు తూచుట. 2002లో ప్రయోగింపబడిన గ్రేస్ అను జంట ఉపగ్రహములు ఒకదాని వెనుక నొకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడముతో తిరిగినవి. క్రింద బరువు ఎక్కువైనచోట ఆకర్షణ పెరిగి, రెండింటి నడుమ దూరము రవంత మారును. ఆ మార్పునుండి ఒక ప్రాంతపు మంచు బరువు ఎంత తగ్గినదో తెలియును. కాని ఒక్కొక్క హిమానీనదమును విడిగా తూచుటకు ఇది చాలదు.

సరిచూచు విధము

మొదటి మూడు మార్గములును ఉపరితలపు ఎత్తునే చెప్పును. మంచు క్రింది రాతినేల కొద్ది సంవత్సరములలో చెప్పుకోదగినంతగా మారదు గనుక, ఎత్తులో వచ్చిన తేడానే మందములో వచ్చిన తేడాగా గ్రహింపవచ్చును.

రెండు సంవత్సరముల పటములను పోల్చునపుడు శాస్త్రజ్ఞులు ముందుగా మంచులేని బండలను చూతురు. బండ ఎత్తు మారదు. మారినట్లు కనబడినచో తప్పు పటములోనిది. దానిని సవరించి, పిమ్మట మంచును కొలుతురు. మన గుంటలోని తవ్వని దిబ్బవలె అక్కడ బండయే సాక్షి. అదియుగాక, వీలైనంతవరకు రెండు కొలతలును ఒకే ఋతువులోనివై యుండవలెను.

ఇక నీటి లెక్క చూతము. 10 చదరపు కిలోమీటర్ల హిమానీనదము ఒక మీటరు కుంగినదనుకొందము. అది కోటి ఘనపు మీటర్లు. ఘనపు మీటరునకు 850 కిలోగ్రాముల వంతున 85 లక్షల టన్నులు, అనగా 85 లక్షల ఘనపు మీటర్ల నీరు, సుమారు 0.3 టి.ఎం.సి.

కొలతలు చెప్పునదేమి?

అమెరికా గూఢచారి ఉపగ్రహములు 1970వ దశకమున తీసి, తరువాత బహిరంగపరచబడిన చిత్రములను కొత్త చిత్రములతో పోల్చి, 2019లో ఒక పరిశోధన వెలువడినది. హిమాలయములలోని 650 హిమానీనదములు 1975 నుండి 2000 వరకు, నీటి లెక్కన, సగటున ఏటికి సుమారు 22 సెంటీమీటర్లు తరిగినవి. 2000 నుండి 2016 వరకు ఏటికి సుమారు 43 సెంటీమీటర్లు. అనగా తరుగుదల దాదాపు రెట్టింపైనది. వాతావరణము వేడెక్కుటయే దీనికి ముఖ్యకారణమని ఆ పరిశోధకులు నిర్ణయించిరి.

మన కృష్ణా గోదావరులు పడమటి కనుమలలో పుట్టి వర్షముపై ఆధారపడునవి గదా, మనకేమి అని కొందరు అడుగవచ్చును. నదుల విషయమున ఆ మాట నిజమే. కాని కరగిన మంచు తుదకు సముద్రము చేరును. 2000 నుండి 2019 వరకు ప్రపంచ హిమానీనదములు ఏటికి సుమారు 26,700 కోట్ల టన్నుల మంచును కోల్పోయినవని 2021లో తేలినది. ఆ కాలమున సముద్రమట్టము పెరుగుటలో అయిదవవంతు దీనివలననే కలిగినది. తీరమునగల మన గ్రామములకు, కృష్ణా గోదావరి డెల్టాల పల్లపు భూములకు ఈ లెక్క పరాయిది కాదు. అచట మడ అడవులను కాపాడుట, ఉప్పునీరు లోనికి రాకుండ బావులనుండి మితిమీరి నీరు తోడకుండుట పంచాయతీల చేతిలోని పనులు.

కొండ ప్రాంతముల వారికి ఆపద ఇంకను దగ్గర. సిక్కిములోని దక్షిణ ల్హోనాక్ హిమానీనదము తరిగినకొలది దాని ముందరి సరస్సు పెరిగినది. ఉపగ్రహ చిత్రముల ద్వారా ఈ సంగతి ముందే తెలియును. 2023 అక్టోబరు 3వ తేదీ రాత్రి గట్టు చరియ విరిగి సరస్సులో పడగా, నీరు కట్ట తెంచుకొని తీస్తా లోయపై పడినది. సెప్టెంబరు 28న సుమారు 167 హెక్టార్లున్న సరస్సు, అక్టోబరు 4న సుమారు 60 హెక్టార్లే మిగిలినది. చుంగ్‌థాంగ్ వద్దనున్న ఆనకట్ట కొట్టుకొనిపోయినది, అనేకులు మరణించిరి.

దీనినిబట్టి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. ఆకాశమున తీసిన కొలత ఏటి ఒడ్డున నిద్రించువాని చెవికి సకాలమున చేరిననే అతని ప్రాణము దక్కును. ఆ కబురు చేరవేయుటలో కడపటి మెట్టు గ్రామ పంచాయతీయే. వరదగాని, తుపానుగాని హెచ్చరిక వచ్చినపుడు ఎవరు ఎవరికి చెప్పవలెనో, వృద్ధులను రోగులను ఎచటికి చేర్చవలెనో ముందుగా నిర్ణయించి వ్రాసియుంచిన పంచాయతీ, ఆ కొలతకు సార్థకత కలిగించినదగును.