ఇంటి లోకప్పునకు గరుకు పూత

పగటివేళ కిటికీనుండి గదిలోనికి వచ్చు వెలుగు లోకప్పుపై సూటిగా పడదు, ఏటవాలుగా ప్రాకును. అందుచేత తాపీవాని చేయి తడబడిన ప్రతి మిట్టయు, ప్రతి పల్లమును చిన్న నీడతో బయటపడును. ఎదుటి గోడపై కంటికానని వంకర లోకప్పుపై కొట్టవచ్చినట్లు కనబడుటకు కారణమిదియే. గరుకు పూత ఈ చిక్కును విచిత్రముగా తీర్చును. అది కప్పును చదును చేయదు; వేలకొలది చిన్న నీడలను కల్పించి, పాత నీడలను వానిలో కలిపివేయును.

ఈ పూత మామూలు రంగువలె పలుచనిది కాదు. సన్నని ఇసుకయో, పాలరాతి పొడియో కలిసి ఇడ్డెనల పిండివలె చిక్కగా నుండును. చిక్కనిది కావున బరువైనది. పైగా అది తలక్రిందులుగా వ్రేలాడవలెను. దానిని నిలిపి యుంచునది అంటుకొను గుణమొక్కటే.

పాత ఇండ్లలో ఏటేట వేసిన సున్నము పొరలు పొరలుగా పేరుకొనియుండును. అరచేతితో రుద్దినప్పుడు తెల్లని పొడి అంటినచో, ఆ పొర పట్టు సడలినదని తెలియవలెను. దానిపైననే పూత వేసినయెడల, పూత సున్నమును గట్టిగా పట్టుకొనును. సున్నము మాత్రము కప్పును వదలివేయును. కొన్నాళ్ళకు రెండును కలిసి పెచ్చులై నేలకు రాలును. కావున వదులు పొరలను రేకుతో గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, సన్నని పగుళ్ళను పుట్టీతో పూడ్చి, ఉప్పుకాగితముతో రుద్ది, ఆపైన ప్రైమరు వేయవలెను. ఇది విసుగు పుట్టించు పని. శ్రమలో అధికభాగము దీనికే పోవును. చూపరులకు మాత్రము ఇది కానరాదు.

వానకు మిద్దె కారుచు, కప్పున మరకలు తేలుచున్నచో ఏ పూతయు నిలువదు. పైన కారుట మాన్పిన పిమ్మటనే క్రింద కుంచె పట్టవలెను.

పూత వేయుటకు ఇద్దరుండుట మేలు. మొదట గదికి విద్యుత్తును ఆపి, పంకాను గుడ్డతో కప్పి, కన్నులకు అద్దములు పెట్టుకొందురు. ఒకరు రోలరుతో మూరెడు వెడల్పున పట్టెగా పూసి ముందునకు సాగుచుండగా, రెండవవారు వెనువెంటనే తడి స్పంజితో అద్ది గుర్తులు తేల్చుదురు. స్పంజిని మాటిమాటికి త్రిప్పనిచో ఒకే గుర్తు వరుసలు తీరి, అచ్చు వేసిన చీరవలె కనబడును. ఒక పట్టె అంచు ఆరకముందే తరువాతి పట్టె దానితో కలియవలెను. ఆరినచో అతుకు అట్లే నిలిచిపోవును. భోజనమునకు లేవదలచినను, ఆ గదిని ముగించియే లేవవలెను.

వంటయింటికి ఈ పూత తగదు. పొగమసియు, నూనె జిడ్డును గరుకు సందులలో చేరినచో తుడుచుట దుర్లభము.

పాశ్చాత్య దేశములలో ఒకప్పుడు ఇట్టి పూతలలో రాతినార కలిపెడివారు. దాని పోగులు ఊపిరితిత్తులకు చేటు చేయునని తేలినది. అమెరికాలో 1978లో రాతినార గల పూతను కప్పులపై చిమ్ముట నిషేధింపబడెను. బ్రిటనులో 1999లో తెల్ల రాతినార వాడుకనే మాన్పిరి. ఆ కాలపు కప్పులు కొన్ని ఇంకను నిలిచియున్నవి. వానిని పరీక్ష చేయింపక గీకరాదు. కదల్పనంతకాలము పోగులు పూతలోనే బంధింపబడి యుండును. గీకినచో గాలిలోనికి లేచును.