ట్రాక్టరుకు, కారుకు ఏ ఇంజను ఆయిలు: మామూలుదా, సింథటిక్‌దా?

ఇంజను ఆయిలు కొనబోయిన రైతుకు నేడు దుకాణమునందు రెండు రకముల డబ్బాలు చూపుచున్నారు. ఒకటి మామూలు ఆయిలు. దీనినే మినరల్ ఆయిలు అందురు. రెండవది సింథటిక్ ఆయిలు. దీని వెల మొదటి దానికి ఇంచుమించు రెట్టింపు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉండును. ఇది పోసినచో ఇంజను ముట్టుకొన పనిలేదని దుకాణదారు చెప్పును. అదంతయు కంపెనీల మాయ అని మెకానికు చెప్పును. రైతు ఇద్దరి నడుమ నిలువబడి, జేబులో ఉన్న డబ్బును బట్టి ఏదో ఒకటి కొనుచున్నాడు.

నేను పైరుల సాగు బోధించువాడను గాని యంత్రములు బోధించువాడను కాను. అయినను కాలువకు నీరు వదలిన వారములో ట్రాక్టరు షెడ్డులో పడియున్న యెడల, ఎంత మంచి విత్తనమైనను, ఎంత మంచి ఎరువైనను అదనుకు నేలలో పడవు. కావున ఈ ప్రశ్న సాగుకు కూడ సంబంధించినదే. ఇంటిలో కారు ఉన్న రైతు సోదరులు ఈనాడు తక్కువ కాదు గనుక కారు సంగతియు కలిపి వ్రాయుచున్నాను.

ఆయిలు చేయు పని

పిస్టనుకు బోరుకు నడుమ, క్రాంకునకు బేరింగునకు నడుమ ఆయిలు పలుచని పొరగా నిలిచి ఇనుమును ఇనుము తాకకుండ కాపాడును. ఆ పొర వెండ్రుక మందములో పదవవంతు కూడ ఉండదు. ఇది గాక లోపలి వేడిని మోసుకొని వచ్చుట, మసిని తనలో పట్టి ఉంచుట, రింగుల వద్ద గాలి పోకుండ మూయుట, తుప్పు పట్టనీయకుండుట కూడ ఆయిలు పనులే. డీజిలు ఇంజనులో ఆయిలు పోసిన కొద్ది గంటలకే నల్లబడును. చాలమంది దీనిని చూచి ఆయిలు పాడైనదనుకొందురు. అది పొరపాటు. మసిని గోడలకు అంటనీయక తనలో పట్టి ఉంచుచున్నదనుటకు ఆ నలుపే గుర్తు. భయపడవలసినది నలుపునకు కాదు. ఆయిలు పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని, మట్టము తగ్గుటకు బదులు పెరిగి డీజిలు వాసన వచ్చినచో డీజిలు దిగుచున్నదని తెలిసికొని వెంటనే బండి ఆపవలెను.

రెండింటికి భేదమేమి?

మామూలు ఆయిలు భూమి నుండి తీసిన ముడి చమురును వేరుచేసి, శుద్ధిచేసి తయారగును. అందులో చిన్నవి, పెద్దవి, పలు ఆకారముల అణువులు కలిసియుండును. కొంత మైనము కూడ మిగులును. సింథటిక్ ఆయిలు నందలి అణువులను కర్మాగారములో రసాయన క్రియల చేత ఒకే తీరుగ కట్టుదురు. ధాన్యమును జల్లెడ పట్టుట వేరు, కావలసిన గింజనే పండించుకొనుట వేరు గదా! రెండవ ప్రపంచ యుద్ధ కాలములో జర్మనీలో ఇట్టి ఆయిళ్లను తయారుచేసి వాడిరి. తరువాత జెట్ విమానములకు, 1970ల నుండి కార్లకు ఇవి వచ్చినవి.

ఇచట ఒక చిక్కు కలదు. ముడి చమురునే అధిక ఒత్తిడిలో హైడ్రోజనుతో విరుగగొట్టి చాల శుభ్రముచేసిన మూడవ తరగతి ఆయిలు ఒకటి ఉన్నది. దానిని సింథటిక్ అని పిలువవచ్చునా అను తగవు అమెరికాలో రెండు పెద్ద కంపెనీల మధ్య వచ్చి, 1999లో పిలువవచ్చునను తీర్పుతో ముగిసినది. నేడు సింథటిక్ పేరుతో అమ్ముచున్న ఆయిలులో చాల భాగము ఈ తరగతిదే. ఇది నాసిరకమని కాదు, మంచి ఆయిలే. కాని డబ్బాపై ఉన్న సింథటిక్ అను ఒక్క మాటను చూచి వెల చెల్లించుట తగదు. సెమీ సింథటిక్ అను దానిలో మామూలు ఆయిలుకు సింథటిక్ ఎంత పాలు కలిపిరో డబ్బాపై సాధారణముగ ఉండనే ఉండదు.

వేడికి సింథటిక్ ఆయిలు నిదానముగ పాడగును, తక్కువగ ఆవిరియగును, గట్టి చలిలో కూడ పారును. ఈ మూడు గుణములు నిజమైనవే. మన పొలములో వాటిలో ఏది, ఎంత పనికివచ్చునన్నదే చూడవలసినది.

డబ్బాపై చదువవలసిన అంకెలు

15డబ్ల్యు-40 అని వ్రాసియుండును. డబ్ల్యు అనగా చలికాలము. దానికి ముందున్న అంక చలిలో పారు గుణమును, వెనుక నున్న అంక నూరు డిగ్రీల వేడిలో ఉండు చిక్కదనమును తెలుపును. ముందరి అంక ఎంత తగ్గిన అంత చలికి ఆగును. 15డబ్ల్యు ఆయిలుతో సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలోను ఇంజను తిరుగవలెనని నియమము. 5డబ్ల్యు అయినచో సున్నకు దిగువ 30 డిగ్రీలు. మనకు లంబసింగిలోను, ఆదిలాబాదు ప్రాంతములోను చలి ఎంత ముదిరినను సున్న దగ్గరకు వచ్చుటయే అరుదు. కావున చలికి సంబంధించిన గుణము కొరకు మన ట్రాక్టరు అదనపు వెల ఇవ్వనక్కరలేదు. కెనడాలోను, ఉత్తర అమెరికా రాష్ట్రములలోను ఉన్న మన పిల్లలు సింథటిక్ తప్ప వేరొకటి పోయమని చెప్పుదురు. వారి మాట వారి ఊరికి సరియైనదే. అచట తెల్లవారుజామున కారు కదలుట ఆయిలుపైననే ఆధారపడియుండును.

ఇక ఏ.పి.ఐ. అను గుర్తు ప్రక్కన ఉండు అక్షరములు. సి తో మొదలైనవి డీజిలు ఇంజన్లకు, ఎస్ తో మొదలైనవి పెట్రోలు ఇంజన్లకు. రెండవ అక్షరము ముందుకు పోయిన కొలది ఆయిలు కొత్త ప్రమాణమునకు చెందినది. సి.ఎఫ్.-4 1990లోను, సి.హెచ్.-4 1998లోను, సి.ఐ.-4 2002లోను, సి.కె.-4 2016లోను వచ్చినవి. మామూలు ఆయిలులోను సి.ఐ.-4 దొరకును. కావున మొదట ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో ఏ అంకెలు, ఏ అక్షరములు ఉన్నవో చూచి అవి ఉన్న ఆయిలునే ఎన్నుకొనవలెను. మామూలుదా, సింథటిక్‌దా అనునది ఆ తరువాతి ప్రశ్న. అక్షరములు కుదరని సింథటిక్ కంటె అక్షరములు కుదిరిన మామూలు ఆయిలు మేలు.

ట్రాక్టరు లెక్క

ఒక రైతు ట్రాక్టరు ఏడాదికి 500 గంటలు నడచుననుకొందము. చాంబరులో 8 లీటర్లు పట్టును. పుస్తకములో 250 గంటలకు ఒకమారు మార్చవలెనని ఉన్నది. మామూలు ఆయిలు లీటరు 350 రూపాయలు, సింథటిక్ 750 రూపాయలు అని లెక్క కొరకు తీసికొందము. మీ ఊరి ధరలు వేసి మరల గుణించుకొనవచ్చును. రెండు మార్పులకు 16 లీటర్లు. మామూలుదైన 5,600 రూపాయలు, సింథటిక్‌దైన 12,000 రూపాయలు. తేడా 6,400 రూపాయలు.

దుకాణదారు ఇచట ఒక తెలివైన మాట చెప్పును. సింథటిక్ ఆయిలును 500 గంటలకు ఒక్కమారే మార్చుము, 6,000 రూపాయలతో సరిపోవును, శ్రమయు తగ్గును అనును. వినుటకు బాగుగనే ఉన్నది. కాని ఆయిలు మార్చుట అది వేడికి చెడినదని మాత్రమే కాదు. దానిలో మసి చేరును, దిగిన డీజిలు చేరును, నీటియావిరి చేరును, ఎయిర్ క్లీనరు దాటి వచ్చిన దుమ్ము చేరును, ఫిల్టరు నిండును. ఆమ్లములను విరుచుటకు కలిపిన మందు కరిగిపోవును. మూల నూనె ఎంత గొప్పదైనను ఇవి చేరక మానవు. పుస్తకములోనే 500 గంటలని ఉన్న కొత్త ట్రాక్టర్లు కొన్ని ఉన్నవి. వాటికి చెప్పిన ఆయిలు పోసి అట్లే చేయవచ్చును. 250 అని ఉన్న దానిని మనకై మనము 500 చేసినచో ఇంజనుకే గాక గ్యారంటీకి కూడ చేటు. పెద్ద రవాణా కంపెనీలు ఆయిలు నమూనా పరీక్ష చేయించి గడువు పెంచుకొనును. ఒక్క ట్రాక్టరు ఉన్న రైతుకు ఆ వీలు లేదు.

మన ఇంజన్లకు అసలు శత్రువు దుమ్ము. గంటకు 5 లీటర్ల డీజిలు కాల్చు ఇంజను ఆ గంటలో 60 ఘన మీటర్లకు తక్కువ గాక గాలి పీల్చును. ఎర్ర చల్కలో మెట్ట దున్నునపుడు, రోటవేటరు వేయునపుడు, బండ్ల బాటపై ట్రక్కుతో పోవునపుడు ఆ గాలి నిండ సన్నని ఇసుకయే. ఇసుక రేణువు బోరు ఇనుముకంటె గట్టిది, ఆయిలు పొరకంటె మందమైనది. అది లోనికి పోయిన తరువాత మామూలు ఆయిలైనను, సింథటిక్ అయినను రింగులు అరుగుట ఆగదు. ఆయిలు పాత్ర గల ఎయిర్ క్లీనరైనచో దుమ్ము పనులలో ప్రతిదినము విప్పి చూచి, అడుగున బురద చేరిన వెంటనే కడిగి గుర్తు వరకు ఆయిలు పోయవలెను. కాగితపు ఫిల్టరైనచో దానిని చక్రమునకేసి కొట్టుట మానవలెను. మడత చిరిగిన ఫిల్టరు ఉన్నను లేనట్లే. గొట్టపు బిగింపులు వదులైనను అంతియే. పైన చెప్పిన 6,400 రూపాయలలో కొంత ఎయిర్ క్లీనరుకు, ఆయిలు ఫిల్టరుకు, డీజిలు ఫిల్టరుకు వ్యయపరచిన రైతు ఎక్కువ లాభము పొందునని నా అభిప్రాయము.

గంటల మీటరును గూర్చి ఒక మాట. పాత ట్రాక్టర్లలో అది ఇంజను చుట్లను బట్టి తిరుగును. నిర్ణయించిన వేగములోనే అది సరియైన గంట చూపును. ఖాళీగ, నెమ్మదిగ చాలసేపు నడచిన ఇంజనుకు మీటరులో గంటలు తక్కువ కనబడును. అట్టి పని ఎక్కువగ ఉన్నవారు మీటరు 250 చూపు వరకు ఆగరాదు.

ఇక సింథటిక్ అవసరమగు ట్రాక్టరు లేదా అని అడుగవచ్చును. టర్బో ఉన్నవి, మండు వేసవిలో రోజుకు పది గంటలు బరువు పని చేయునవి, వరికోత యంత్రములు ఈ కోవలోనివి. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో గాలియే 45 డిగ్రీలు దాటును. అందులో గడ్డి పొట్టు రేడియేటరుకు అడ్డుపడినచో ఆయిలు అతిగ కాగును. ఇచట వేడికి ఆగు గుణము నిజముగ పనికివచ్చును. పుస్తకము ఒప్పుకొన్నచో ఇట్టివారు సింథటిక్ పోయుట వృథా కాదు. 2023 జనవరి నుండి 50 హెచ్.పి.కి మించిన కొత్త ట్రాక్టర్లకు కొత్త పొగ నియమములు వచ్చినవి. పొగ గొట్టములో మసి వడపోత ఉన్న బండికి బూడిద తక్కువ మిగుల్చు ప్రత్యేకపు ఆయిలే పోయవలెను. తప్పు ఆయిలు పోసినచో వడపోత పూడిపోవును. దాని వెల ఆయిలు వెలతో పోల్చదగినది కాదు.

కారు సంగతి

కారు విషయములో నా తీర్పు వేరు. కొత్త పెట్రోలు కార్లకు 0డబ్ల్యు-20, 5డబ్ల్యు-30 వంటి పలుచని ఆయిళ్లు చెప్పుచున్నారు. వాటి దారులు అంత సన్నముగ చేసిరి. 0డబ్ల్యు ఆయిలును మామూలు నూనెతో తయారుచేయుట ఆచరణలో సాధ్యము కాదు. కావున అట్టి కారుకు సింథటిక్ తప్ప మార్గము లేదు. చిక్కగ ఉన్నది మంచిదని ట్రాక్టరు డబ్బాలో మిగిలిన 15డబ్ల్యు-40 కారులో పోయుట తెలివితక్కువ పని. టర్బో ఉన్న కారుకును సింథటిక్ ఆయిలే తగును. టర్బో ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు పైగ తిరుగును. పరుగు తీసి వచ్చి వెంటనే ఆపినచో అందులోని ఆయిలు మాడి బొగ్గగును. ఏ ఆయిలు పోసినను, ఆపుటకు ముందు ఒకటి రెండు నిమిషములు నెమ్మదిగ నడువనిండు. 2020 ఏప్రిలు తరువాతి బి.ఎస్.-6 డీజిలు కార్లకు మసి వడపోత సంగతి ట్రాక్టరునకు చెప్పినట్లే.

పదిహేను ఇరువది ఏండ్ల పాత కారునకు పుస్తకములో 20డబ్ల్యు-40 లేక 15డబ్ల్యు-40 ఉన్నచో మామూలు ఆయిలు చాలును. రైతు కారు సాధారణముగ ఏడాదికి మూడు నాలుగు వేల కిలోమీటర్లకు మించి తిరుగదు. మండల కేంద్రమునకు పోయి వచ్చుటయే ఎక్కువ. దగ్గరి ప్రయాణములలో ఇంజను పూర్తిగ కాగదు, లోన చేరిన చెమ్మ ఆవిరికాదు. కావున పదివేల కిలోమీటర్లు రాలేదని రెండేండ్లు ఉంచక, ఏడాదికొకమారు మార్చవలెను. ఈ నియమము సింథటిక్‌కును వర్తించును.

రెండు రకములు కలిసిన విరిగిపోవునని కొందరు భయపడుదురు. అట్లేమియు కాదు; దారిలో ఆయిలు తగ్గినచో దొరికినది కొద్దిగ కలుపవచ్చును. సింథటిక్ పోసినచో పాత ఇంజను కారునను మాట పూర్వపు ఆయిళ్లకు కొంత చెల్లెను. నేటి ఆయిళ్లలో ఆ దోషము లేదు. అయితే ఏండ్ల తరబడి పేరుకొన్న మడ్డియే చిరిగిన సీలును మూసియున్నచో, అది కడుగబడి కారుట బయటపడవచ్చును. ఈ ఇంజను ఆయిళ్లను ట్రాక్టరు గేరుపెట్టెలోను, ఆయిలులో మునిగిన బ్రేకులు గల వెనుక ఇరుసులోను పోయరాదు. క్లచ్చి ఆయిలులోనే ఉండు మోటారు సైకిలుకు కారు ఆయిలు పోసినచో క్లచ్చి జారును.

అనంతపురము జిల్లా గార్లదిన్నెలోను, మధ్యప్రదేశ్‌లోని బుద్నిలోను గల కేంద్ర ప్రభుత్వ సంస్థలు ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు వెలువరించును. ఇంజను ఎంత ఆయిలు త్రాగునో అందులో ఉండును. కొత్త ట్రాక్టరు కొనువారు దానిని అడిగి చూడదగును. గార్లదిన్నెలో రైతులకు యంత్రముల శిక్షణయు కలదు.

ఆయిలును సీలు చెడని డబ్బాలో, రసీదుతో కొనవలెను. ఖాళీ డబ్బాకు అడుగున రంధ్రము చేసి పారవేయుడు. మంచి డబ్బాలను కొనిపోయి అందులో కల్తీ నింపువారు ఉన్నారు. మార్చిన ఆయిలును కాలువ గట్టున వంపుట, గట్ల కలుపుపై చల్లుట మానవలెను. అందులో అరిగిన లోహములు, మసి ఉండును. ఆ నేలలో నీరు ఇంకదు, వేరునకు గాలి ఆడదు, వాన వచ్చిన చెరువునకు చేరును. చట్టములో అది ప్రమాదకర వ్యర్థము. మూత గల డబ్బాలో నిలువచేసి, అనుమతి గల శుద్ధి కేంద్రమునకు పంపు వర్క్‌షాపునకు ఇచ్చినచో కొంత వెలయు వచ్చును.