సముద్రం తెచ్చిన ‘ఉల్లిపాయ’: పెరట్లో పూసే తీరపు కేసరి

అంతర్వేది: గత భాద్రపదంలో గోదావరి వరద తీసిన తరువాత ఒకనాటి ఉదయం మనుమరాలిని వెంటబెట్టుకొని సముద్రపు ఒడ్డుకు వెళ్ళాను. వరద వెళ్ళిన తరువాత మా తీరం చూడదగ్గదిగా ఉంటుంది. దుంగలు, కొబ్బరి డొక్కలు, తాటి టెంకలు, గుర్రపుడెక్క, తెగిన వల ముక్కలు, ఎక్కడెక్కడివో విత్తనాలు ఒడ్డు పొడవునా ఒక గీత గీసినట్లు పేరుకొని ఉంటాయి. ఆ చెత్తలో నుంచి మా పిల్ల రెండు వస్తువులు ఏరి గౌను ఒడిలో వేసుకొచ్చింది.

“తాతయ్యా, సముద్రం ఉల్లిపాయలు తెచ్చింది!” అన్నది.

ఒకటి నిజంగానే ఉల్లిపాయలా ఉన్నది. గోధుమరంగు పొరలు, కింద వేళ్ళ మొదలు, పైన తెగిపోయిన మెడ. రెండవది నిమ్మకాయంత ఉండి, ఒక పక్క నొక్కుకుపోయి, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో బెండులా తేలికగా ఉన్నది. ఇంటికి రాగానే పిల్ల మొదటిదాన్ని వంటింటిలో ఉల్లిపాయల బుట్టలో పడవేసింది, రెండవదాన్ని కిటికీలో పెట్టి మరచిపోయింది. నాలుగు రోజుల తరువాత కోడలు కూరకు తరగబోతూ, లోపలి నుంచి జిగురు కారుతున్నదనీ, ఉల్లి ఘాటు లేదనీ అనుమానించి పిలిచింది కాబట్టి సరిపోయింది. ఆ రోజే కిటికీ వైపు చూస్తే, మట్టీ నీరూ ఎరుగని రెండవ వస్తువు పక్క నుంచి తెల్లని మొలక ఒకటి బయటకు వచ్చి ఉన్నది!

రెండూ కేసరి జాతికి చెందినవే. ఒకటి దుంప, రెండవది విత్తనం. మొదటిది కూరలో పడితే ఇంటిల్లిపాదీ వాంతులతో ఆసుపత్రి పాలయ్యేవారు. రెండవది కుండీలో పడితే ఏళ్ళ తరబడి తెల్లని పూలు పూస్తుంది. ఈ తేడా తీరగ్రామాల వారందరికీ తెలియడం అవసరం.

రెండు దారుల్లో వచ్చే అతిథి

బజారులో మూరలెక్కన అమ్మే లిల్లీపూలకూ దీనికీ సంబంధం లేదు. అవి నేలసంపెంగలు. ఇది సముద్రతీరపు ఇసుకలో తనంత తాను పెరిగే పెద్ద మొక్క. మొక్కల గ్రంథాలలో దీనికి కేసరచెట్టు, లక్ష్మీనారాయణ చెట్టు, విషమంగలి అనే తెలుగు పేర్లున్నాయి. శాస్త్రీయనామం క్రైనమ్ ఏషియాటికమ్. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరిది. ఆకులు మీటరు పొడవున, బెత్తెడు వెడల్పున అరటి పిలకలా గుబురుగా లేస్తాయి. మధ్య నుంచి వచ్చిన లావుపాటి కాడ కొసన ఇరవై దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా తెల్లని పూలు గుత్తిగా విచ్చుకుంటాయి. సన్నని రేకులు వెనక్కు వంగి ఉంటాయి. ఎర్రని కేసరాలు ముందుకు చాచుకొని ఉంటాయి.

దీనికి దగ్గర చుట్టమైన మరొక కేసరి నదుల గట్లమీద, కాలువల పక్కన, చిత్తడి నేలల్లో పెరుగుతుంది. ఆకులు సన్నగా, దుంప చిన్నదిగా ఉంటాయి. వరదకు గట్టు కోసుకుపోయినప్పుడు ఈ దుంపలు ఊడి, ఆకులు తెగిపోయి నీటివెంట సముద్రం దాకా వస్తాయి. మా పిల్ల తెచ్చిన ‘ఉల్లిపాయ’ ఆ విధంగా వచ్చినదే. బెండులాంటి విత్తనం మాత్రం తీరపు కేసరిది. దాని కాయ నేలమీద పడి పగలగానే లోపలి విత్తనం అలలమీద తేలుతూ ప్రయాణం సాగిస్తుంది. మామూలు గింజలకుండే పెంకు దీనికి లేదు. పైన బెండు పొర, లోపల పచ్చని కండ, అంతే. మొలకకు కావలసిన నీరూ ఆహారమూ ఆ కండలోనే ఉంటాయి. అందువల్లనే ఉప్పునీటి మీద తేలి వచ్చి, ఎండిన ఇసుకలో పడినా మొలవగలుగుతున్నది.

వాసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర రెండు నీళ్ళ రంగులు వేరువేరుగా కనబడతాయని యాత్రికులు వింతగా చూస్తారు. ఏటి దుంప, సముద్రపు విత్తనం ఒకే పిల్ల ఒడిలో చేరడంలో వింతేమున్నది?

పేరులోనే హెచ్చరిక

విషమంగలి అన్న పేరు ఊరికే రాలేదు. ఈ మొక్క దుంపలో, ఆకుల్లో, విత్తనాల్లో లైకోరిన్ మొదలైన విషపదార్థాలున్నాయి. తింటే విపరీతమైన వాంతులు, విరేచనాలు కలుగుతాయి. మన జిల్లాల మొక్కలను శ్రద్ధగా పరిశీలించిన విలియం రాక్స్‌బరో 1781 నుంచి సామర్లకోటలో ఉండి అక్కడ తోట వేసి, 1793లో కలకత్తా తోటకు వెళ్ళాడు. ఈ మొక్కకు ఆయన పెట్టిన పేరు క్రైనమ్ టాక్సికేరియమ్. ఆ మాటలోనూ విషమే ఉన్నది. 19వ శతాబ్దంలో వైద్యులు దీని దుంపను వాంతి చేయించే మందుగా వాడేవారు. ఆకును వెచ్చచేసి, ఆముదం రాసి వాపులమీద కట్టడం పల్లెల్లో పాత అలవాటే. అయితే పైపూతకు వాడిన ఆకు కదా అని లోపలికి పుచ్చుకోవడం ప్రమాదం.

కాబట్టి ఒడ్డున దొరికిన ఏ దుంపనూ వంటింటి గడప దాటనివ్వరాదు. నలిపి వాసన చూస్తే ఉల్లిఘాటు ఉండదు. ఇదొక గుర్తు. కాని ఆ గుర్తును నమ్ముకొని తినడానికి సాహసించరాదు. సముద్రతీరపు ఇసుక నేలల్లో నక్కవుల్లి అనే మరొక దుంప కూడా ఉంటుంది. అదీ విషమే. పెరట్లో దూడలు, మేకలు తిరిగే ఇళ్ళవారు ఈ మొక్కను దడి అవతల పెట్టుకోవడం మంచిది. దుంప కోసినా, పిలకలు విడదీసినా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. రసం కొందరికి దురద పెడుతుంది.

విత్తనాన్ని పాతిపెట్టవద్దు

ఒడ్డున దొరికిన విత్తనాన్ని పెంచడం పిల్లలు కూడా చేయగల పని. చాలామంది చేసే పొరపాటు ఒక్కటే. దాన్ని చిక్కుడు గింజలా లోతుగా పాతి రోజూ నీళ్ళు పోస్తారు. పది రోజుల్లో అది కుళ్ళిపోతుంది.

నొక్కి చూసి గట్టిగా ఉన్న విత్తనాన్నే తీసుకోవాలి. మెత్తబడినదీ, పురుగు తొలిచినదీ పనికిరావు. మంచినీటితో ఒకసారి ఉప్పు కడగాలి. కుండీలో సగం ఏటి ఇసుక, సగం మట్టి, పిడికెడు చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, విత్తనాన్ని పైన ఊరకనే ఉంచాలి. దొర్లిపోకుండా కొద్దిగా అదిమితే చాలు. అడుగున నీరు పోయే చిల్లు తప్పనిసరి. వానధార పడని నీడలో పెట్టి, మొలక వచ్చేవరకు నీళ్ళ జోలికి పోరాదు.

కొన్ని వారాల్లో పక్క నుంచి చిటికెనవేలు లాంటి తెల్లని కాడ బయలుదేరి, వంగి, ఇసుకలోకి దిగుతుంది. చూసేవారు అది వేరు అనుకుంటారు. నిజానికి పిల్లమొక్క ఆ కాడ కొసలో దాగి ఉంటుంది. తల్లి బిడ్డను చేయిపట్టి మెట్లు దింపినట్లు విత్తనం దాన్ని తడి ఉన్న లోతుకు దింపుతుంది. పై ఇసుక ఎండకు మాడినా పిల్లదుంప చల్లగా ఉండడానికి ఈ ఏర్పాటు. ఆ కొసన చిన్న దుంప ఏర్పడి, వేళ్ళు కిందికి, మొదటి ఆకు పైకి వస్తాయి. అప్పటి నుంచి తడి ఆరిన తరువాత నీళ్ళు పోస్తే సరిపోతుంది. విత్తనం ముడతలు పడి ఎండి రాలేవరకు దాన్ని తెంచరాదు. మొక్క కొంతకాలం దాని మీదనే బతుకుతుంది.

విత్తనం నుంచి పెంచిన మొక్క పూతకు రావడానికి మూడు నాలుగేళ్ళు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. తొందరపడేవారికి ఇది పనికిరాదు.

దుంప దొరికితే

కొట్టుకువచ్చిన దుంపను ముందు మంచినీటిలో కడిగి, కుళ్ళిన పొరలు, చచ్చిన వేళ్ళు తీసివేయాలి. మొదలు మెత్తబడి దుర్వాసన వస్తుంటే అది దక్కదు. గట్టిగా ఉంటే రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టి, మెడ నేలపైకి కనబడేటట్లు నాటాలి. పూర్తిగా పూడ్చితే మెడ దగ్గర కుళ్ళు పడుతుంది. కొత్త ఆకు కనబడేవరకు నీరు తక్కువగా పోయాలి. ఏటి కేసరికి ఆ తరువాత తడి ఎక్కువైనా ఇబ్బంది లేదు. తీరపు కేసరికి మాత్రం ఇసుక నేల, మంచి ఎండ కావాలి. అది పెరిగి గుబురు కడుతుంది గనుక చుట్టూ మీటరు చోటు వదలాలి. మొదలు చుట్టూ వచ్చే పిలకలను విడదీసి వేరుగా నాటుకోవచ్చు.

దీనికి ప్రధాన శత్రువు గొంగళిపురుగు. లిల్లీ జాతులనే తినే రెండు రకాల చిమ్మెటల పురుగులు, నల్లని ఒంటిమీద తెల్లని మచ్చలో పట్టీలో ఉన్నవి, గుంపుగా చేరి ఆకును లోపలి నుంచి తొలిచేస్తాయి. రెండు రోజులు చూడకపోతే మొక్క మోడుగా కనిపిస్తుంది. మందు చల్లనక్కరలేదు. ఉదయంపూట ఏరి సబ్బునీళ్ళలో వేస్తే చాలు. ఆకులన్నీ పోయినా దుంప మళ్ళీ చిగురిస్తుంది.

చీకటి పడగానే ఈ పూల పరిమళం పెరుగుతుంది. పూగొట్టం పొడుగ్గా ఉంటుంది కాబట్టి అందులోని తేనె మామూలు ఈగలకు అందదు. పొడుగాటి తొండమున్న పెద్ద చిమ్మెటలు రాత్రివేళ వచ్చి, గాలిలో నిలబడినట్లు రెక్కలాడిస్తూ తాగిపోతాయి. వరండా దీపం ఆర్పి కూర్చుంటే ఆ వేడుక చూడవచ్చు.

దిబ్బ మీది దుంపను తవ్వరాదు

ఇక అసలు విషయం. ఇది చదివి పలుగు పుచ్చుకొని ఇసుక దిబ్బలమీదకు బయలుదేరవద్దని మనవి. ఒడ్డున అలలు పడవేసినదానికీ, దిబ్బమీద వేళ్ళూనుకొని ఉన్నదానికీ ఎంతో తేడా ఉన్నది. మొదటిది మీరు తీసుకోకపోతే ఎండిపోవచ్చు, లేదా మళ్ళీ సముద్రంలో కలియవచ్చు. రెండవది తీరాన్ని పట్టుకొని ఉన్నది.

గాలికి కదిలే ఇసుకను ముందుగా ఆపేది చెవులపిల్లితీగ, రావణాసురుని మీసాలనే ముళ్ళగడ్డి. వాటి వెనుక కేసరి, మొగలి నిలబడతాయి. ఇవన్నీ కలిసి ఇసుకను దిబ్బగా కడతాయి. ఒక్క మొక్క తుపానును ఆపలేదు. కాని మొక్కలు పట్టిన దిబ్బ అల జోరును తగ్గిస్తుంది. ఇసుక గాలికెగిరి పొలాలమీద పడకుండా చూస్తుంది. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకూలిన రాత్రిని మరువనివారికి తీరంలో ప్రతి అడుగు ఎత్తుకూ ఉన్న విలువ వివరించనక్కరలేదు.

నా చిన్నతనంలో మొగలిపొదల పక్కన నాలుగైదు చోట్ల కేసరి గుబుర్లు చూసిన గుర్తు. ఈసారి మనుమరాలితో ఆ దారినే నడిస్తే ఒక్కటే కనబడింది. దాని పక్కన ఎవరో తవ్వుకుపోయిన గొయ్యి ఉన్నది. ఇసుక కోసం దిబ్బలను తవ్వడం, చెరువులకోసం చదును చేయడం తీరంలో పలుచోట్ల జరుగుతున్నది. కేంద్రప్రభుత్వం 2011లోనూ, 2019లోనూ వెలువరించిన తీరప్రాంత నియంత్రణ ప్రకటనలలో ఇసుక దిబ్బలను అత్యంత సున్నితమైన ప్రాంతాలలో చేర్చింది. కాగితం మీది ఆ రక్షణ దిబ్బ దాకా రావలసి ఉన్నది. తీరంలో మొక్కలు నాటే కార్యక్రమాలలో సరుగుడుతో పాటు ఇటువంటి తీరపు మొక్కలకు కూడా చోటివ్వడం సముచితం.

తీరగ్రామాల పాఠశాలలు తలచుకుంటే ఈ పని తేలికే. వరద వెళ్ళిన తరువాత పిల్లలు ఉపాధ్యాయుల వెంట ఒడ్డున నడిచి విత్తనాలు ఏరవచ్చు. ఖర్చు లేదు. నోటిలో పెట్టుకోరాదన్న హెచ్చరిక, చేతులు కడిగించడం, ఈ రెండూ ఉంటే చాలు. ఇసుక నింపిన డబ్బాల్లో రెండేళ్ళు పెంచి, తొలకరిలో దిబ్బమీద నాటితే అవి బతుకుతాయి.

మా కిటికీలో మొలిచిన విత్తనం ఇప్పుడు నాలుగాకుల మొక్క. తరువాత ఏరి తెచ్చినవి మరో రెండు మొలిచాయి. ఒకటి పెరట్లో ఉంచుకొని, రెండింటిని వచ్చే ఏడు తొలకరికి ఆ గొయ్యి ఉన్నచోట నాటాలని మా పిల్ల నిర్ణయించింది. ఉల్లిపాయల బుట్టను మాత్రం ఆనాటి నుంచి కోడలు అటకమీద పెడుతున్నది.