నిరుద్యోగపు లెక్కలలో మన ఆడువారు

ఉద్యోగములు, నిరుద్యోగము అను మాటలు చెవినిబడగానే, అవి పురుషులకును ప్రభుత్వమువారికిని సంబంధించిన సంగతులని తలంచి మనము వంటయింటివైపు మరలుచుందుము. ఆ లెక్క మన గడప యొద్దనే, మన నోటిమాటతోనే వ్రాయబడుచున్నదని 2025 శ్రావణమాసము వఱకు మేమును ఎఱుగము.

మేము చందానగరమున కాపురముందుము. మావారు బడిపంతులు. మాకు సమీపముననే మాదాపూరు, గచ్చిబౌలి మొదలగు ప్రదేశములు కలవు. ఒకప్పుడవి రాతిగుట్టలతో నిండియుండెడివి. 1998 నవంబరు 22వ తేదీని, నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. అది మొదలుకొని హైటెక్ సిటీ పెరిగినది. తెలంగాణ ప్రభుత్వమువారి లెక్క ననుసరించి కంప్యూటరు సంస్థలలో పనిచేయువారు 2013-14 లో 3,23,396 మంది. 2022-23 నాటికి 9,05,715 మంది.

కాని యీ లక్ష్మి నిలుకడ గలది కాదు. 2009 జనవరి 7వ తేదీని సత్యం కంప్యూటర్స్ అధిపతి తమ సంస్థ లెక్కలు కల్లలని యొప్పుకొన్నప్పుడు వేలాది కుటుంబములు తల్లడిల్లెను. 2025 జూలైలో దేశములోని మిక్కిలి పెద్ద సంస్థలలో నొకటియగు టి.సి.ఎస్. తన యుద్యోగులలో నూటికి ఇద్దఱను, అనగా సుమారు పండ్రెండువేల మందిని తగ్గింతునని ప్రకటించెను.

మా ఆడపడుచు మాదాపూరులో నొక సంస్థయందు ఆఱేండ్లు పనిచేసి, పని పోగా ఇల్లు చేరినది. ఆ సంగతి బంధువులకు తెలిసినచో పెండ్లి సంబంధములు చెడునని మా అత్తగారి భయము. కావున ఆ పిల్ల అందఱును నిద్రించిన పిమ్మట దీపము తగ్గించుకొని దరఖాస్తులు పంపుచుండెను.

శ్రావణమాసమున నొకనాడు కేంద్రప్రభుత్వపు శ్రామికసర్వేకై గణకుడు వచ్చెను. మర్యాదస్థుడైన పిల్లవాడు. అందఱ వివరములును అడిగి, చివరకు మా ఆడపడుచు మాట యెత్తెను.

"అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం నాయనా. ఇంట్లోనే ఉంటుంది," అనిరి అత్తగారు.

"ఉద్యోగం కోసం ప్రయత్నం చేస్తున్నారా అమ్మా?"

"అబ్బే, అదేం లేదు."

అతడు వ్రాసికొని పోయెను. మేము తలుపుచాటున నిలిచి వినియు నోరు మెదపలేదు. నాటిరాత్రి మావారిని అడుగగా వారు విడమరచి చెప్పిరి. పని లేనివారందఱును నిరుద్యోగులు కారట. పని వెదకువారును, దొరికినచో చేయుటకు సిద్ధముగా నున్నవారును మాత్రమే నిరుద్యోగులు. తక్కిన వారు గృహకృత్యముల క్రింద పోవుదురు. వారు శ్రామికుల లెక్కలోనే చేరరు. అనగా మా ఆడపడుచు ఉద్యోగియు కాదు, నిరుద్యోగియు కాదు!

ఈ సర్వే ప్రకారము దేశమున పదునైదేండ్లు నిండినవారిలో నిరుద్యోగము 2017-18 లో నూటికి 6.0 గా నుండి 2023-24 నాటికి 3.2 కు దిగినది. పనిచేయుచునో పని వెదకుచునో ఉన్న స్త్రీలు నూటికి 23.3 నుండి 41.7 కు పెరిగిరి. సంతోషింపదగినదే. అయినను ఇంటి పొలమునను, అంగడిలోను కూలి లేక తోడ్పడు స్త్రీలును పనివారి క్రిందనే లెక్క. వారపు లెక్కలో, ఏడు దినములలో నొక్క గంట పనిచేసినను పని యున్నట్లే.

మా వీధినుండి కొండాపూరు మేడలకు వంటపనికి పోవు నొక యిల్లాలు కలదు. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినప్పుడు ఆ మేడలలోనివారు ఇంటినుండియే ఉద్యోగము చేసికొనిరి. ఈమెను మాత్రము వాకిటనే ఆపివేసిరి. ఇప్పుడు ఉద్యోగములు పోయిన యజమానురాండ్రు వంట తామే చేసికొనుచుండగా, ఆమెకు నాలుగిండ్ల పని ఒక్కయింటికి దిగినది. జీతము నాలుగవ వంతయినను లెక్కలో ఆమె పనిగలదియే! మేడలోని స్త్రీ పని పోయినచో గుడిసెలోని స్త్రీ కూడును తగ్గుచున్నదని ఏ పట్టికను చూచి తెలిసికొందుము?

ఈ సర్వేలో నొక్కసారితో పోరు. ఎన్నుకొన్న యింటికి వరుసగా నాలుగు నెలలు వత్తురు. భాద్రపదమున గణకుడు మరల వచ్చెను. అత్తగారు కుర్చీ వేయుచుండగనే మేము ఆడపడుచును పిలిచితిమి. ఆమె గడప యొద్దకు వచ్చి, "పోయిన వారంలో మూడు చోట్లకు దరఖాస్తు పెట్టానండీ. పని కావాలి," అని స్పష్టముగా చెప్పెను. అత్తగారు మావంక కోపముగా చూచి లోనికి పోయిరి. కొంతసేపటికి రెండు గ్లాసులతో కాఫీ తెచ్చి, ఒకటి గణకునికి, ఒకటి కూతునకు ఇచ్చిరి.

ఆ మాటవలన ఉద్యోగము రాలేదు. ఇప్పటికిని ఆమె వెదకుచునే యున్నది. కాని పగటిపూటనే వెదకుచున్నది. పరిచయస్థులును తమకు తెలిసినచోట్లు చెప్పుచున్నారు. పని పోవుట దోషము కాదు. దానిని దాచుటవలననే సాయము దూరమగుచున్నది. సోదరీమణులారా! మీ వాకిట గణకుడు నిలిచినప్పుడు మీ యింటి పిల్ల సంగతి మీరు చెప్పకుడు. ఆమెనే పిలువుడు.