ఫోన్ ‘అప్ టు డేట్’ అంటోందా? అయితే ఒక్కసారి ఈ తేదీ కూడా చూడండి

పోయిన ఆదివారం మా బాబాయ్ తన ఫోన్ నా చేతికిచ్చి, “ఒరేయ్, అప్‌డేట్లన్నీ వచ్చేశాయని అదే చెబుతోంది కదా, ఇంక భయమేంటి?” అన్నారు. స్క్రీన్ మీద నిజంగానే ‘అప్ టు డేట్’ అని ఉంది. కింద సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూస్తే రెండేళ్ల కిందటిది! ఆ స్క్రీన్ అబద్ధం చెప్పలేదు. ఆ మోడల్‌కి కంపెనీ పంపినవన్నీ వచ్చేశాయి. పంపడమే ఆపేసిందంతే. కరెంట్ బిల్లు నుంచి పెన్షన్ డబ్బుల దాకా ఆయన లావాదేవీలన్నీ ఆ ఫోన్‌లోనే.

ఇందులో ప్రమాదం ఎక్కడుందో అర్థం కావాలంటే 2022లో బయటపడ్డ మాలీ జీపీయూ డ్రైవర్ లోపాల గురించి తెలుసుకోవాలి.

డ్రైవర్‌లో లోపం ఉంటే ఏమవుతుంది?

ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే లోపల ఉండేది కెర్నల్. ఏ యాప్‌కి ఎంత మెమరీ ఇవ్వాలి, ఎవరు ఏది చూడొచ్చు అన్నది తేల్చేది అదే. హార్డ్‌వేర్‌తో మాట్లాడే డ్రైవర్లు చాలావరకు ఈ కెర్నల్ లోపలే పనిచేస్తాయి. అందుకే డ్రైవర్ తప్పు చేస్తే కెర్నల్ తప్పు చేసినట్టే.

అందులోనూ జీపీయూ డ్రైవర్‌తో ఇంకో చిక్కుంది. కెమెరా వాడాలంటే యాప్ మిమ్మల్ని పర్మిషన్ అడగాలి. స్క్రీన్ మీద బొమ్మ గీయడానికి మాత్రం ఏ పర్మిషనూ అక్కర్లేదు. అంటే మామూలు టార్చ్ యాప్ కూడా ఈ డ్రైవర్ దాకా వెళ్లగలదన్నమాట.

గూగుల్ ప్రాజెక్ట్ జీరో టీమ్ పరిశోధకుడు యాన్ హార్న్ 2022 జూన్, జులై నెలల్లో ఆర్మ్ కంపెనీ మాలీ డ్రైవర్‌ని పరిశీలించి 5 లోపాలు కనిపెట్టారు. ఒకటి కెర్నల్ మెమరీని పాడుచేసేది. ఇంకొకటి మెమరీ అసలు అడ్రస్‌లను బయటపెట్టేది. మిగతా మూడూ ‘యూజ్ ఆఫ్టర్ ఫ్రీ’ రకం.

ఈ చివరి రకాన్ని అద్దె గదితో పోల్చుకోండి. పాత కిరాయిదారు గది ఖాళీ చేశాడు కానీ ఓనర్ తాళంచెవి వెనక్కి తీసుకోలేదు. అదే గదిలోకి కొత్తవాళ్లు దిగారు. పాతాయన ఎప్పుడు కావాలంటే అప్పుడు తలుపు తీసుకుని లోపలికి రావచ్చు. ఇక్కడ గది అంటే మెమరీ పేజీ, పాత కిరాయిదారు అంటే దొంగ యాప్. ఆ ఖాళీ పేజీని కెర్నల్ తన సొంత లెక్కల కోసం వాడుకుందంటే, ఆ లెక్కలు యాప్ చేతికి చిక్కినట్టే. అప్పుడిక పర్మిషన్లతో పనే లేదు, ఫోన్ మొత్తం దాని చేతిలోకి వెళ్లిపోతుంది.

మందు తయారైంది, ఫోన్ దాకా రాలేదు

ఆర్మ్ ఆలస్యం చేయలేదు. 2022 జులై, ఆగస్టు నెలల్లోనే అన్నిటినీ సరిచేసి కొత్త డ్రైవర్ ఇచ్చింది. కానీ నవంబర్‌లో ప్రాజెక్ట్ జీరో మళ్లీ పరీక్షిస్తే, వాళ్ల దగ్గరున్న మాలీ ఫోన్లన్నిట్లో ఆ లోపాలు అలాగే ఉన్నాయి. పిక్సెల్, శాంసంగ్, షావోమీ, ఒప్పో ఫోన్లు ఇందులో ఉన్నాయి. లోపం కనిపెట్టింది గూగుల్ టీమే, అయినా గూగుల్ సొంత పిక్సెల్‌కే అప్పటికి ఫిక్స్ రాలేదు!

కారణం ఏంటంటే, డ్రైవర్ ఫిక్స్ నేరుగా మన ఫోన్‌కి రాదు. ఆర్మ్ ఇచ్చినదాన్ని చిప్ కంపెనీ, ఫోన్ కంపెనీ తమ సాఫ్ట్‌వేర్‌లో కలిపి, టెస్ట్ చేసి పంపాలి. ఈ మధ్యలో గడిచే ప్రతి రోజూ దొంగకి కలిసొచ్చేదే. ఎందుకంటే ఫిక్స్ బయటికి వచ్చాక, లోపం ఎక్కడుందో దాన్ని చూసే తెలుసుకోవచ్చు.

మీరు చేయాల్సింది

సెట్టింగ్స్‌లో ‘ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్’ తేదీ చూడండి. గూగుల్ నెలవారీ ప్యాచ్‌లకు సాధారణంగా రెండు తేదీలుంటాయి. 1వ తేదీది ఆండ్రాయిడ్ భాగాలకు, 5వ తేదీది దాంతోపాటు కెర్నల్, చిప్ డ్రైవర్ల ఫిక్స్‌లకు. కాబట్టి 1 అని ఉంటే, ఆ నెల డ్రైవర్ ఫిక్స్‌లన్నీ వచ్చాయని ఆ తేదీని బట్టి చెప్పలేం. ‘గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్’ వేరు, దాంతో జీపీయూ డ్రైవర్ మారదు. ఇంకోమాట, 2022లోలా ఫిక్స్ అసలు బులెటిన్‌లోకే ఎక్కకపోతే తేదీ కొత్తదైనా ఉపయోగం లేదు.

అందుకే రెండో జాగ్రత్త. ఈ లోపాల్ని వాడుకోవాలంటే దొంగ యాప్ ముందు మీ ఫోన్‌లోకి రావాలి. వాట్సాప్‌లో ‘ట్రాఫిక్ చలాన్’, ‘పెళ్లి పత్రిక’ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లను ఇన్‌స్టాల్ చేయకండి.

కొత్త ఫోన్ కొనేటప్పుడు ‘ఎన్ని ఆండ్రాయిడ్ వెర్షన్లు ఇస్తారు’ అని అడిగే మనం, ‘సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎన్నేళ్లు, ఎన్ని నెలలకోసారి’ అని కూడా అడగాలి. నా రివ్యూల్లో నేను ర్యామ్ కంటే ముందు చూసేది ఇదే.

బాబాయ్ ఫోన్‌లోంచి బ్యాంకు, యూపీఐ యాప్‌లు ఆ రోజే తీసేశాం. ఇప్పుడది పాటలకి, సీరియల్స్‌కి. కొత్త ఫోన్ వెతుకుతున్నాం. ఈసారి ఆయనే అడుగుతున్నారు, “దీనికి ప్యాచ్‌లు ఎన్నేళ్లు ఇస్తారట్రా?” అని.