పాత సైకిళ్ళ కాలనిర్ణయం

పాత సైకిళ్ళ కాలనిర్ణయం అనగా ఒక సైకిలు ఏ సంవత్సరంలో లేదా ఏ సంవత్సరాల మధ్య తయారైనదో దాని ఫ్రేముపై గుద్దిన క్రమసంఖ్య మరియు ఇతర గుర్తుల ఆధారంగా నిర్ధారించుట. చాలా పాత సైకిళ్ళ విషయంలో క్రమసంఖ్య ఒక్కటే తేదీని తెలుపదు. తయారీ సంస్థ చరిత్ర, విడిభాగాలపై గల ముద్రలు, అమ్మకందారు చిరునామా, కొనుగోలు రసీదు మొదలైనవాటితో కలిపి చూసినప్పుడే అది ఉపయోగపడుతుంది. కాకినాడ జిల్లాలోని పిఠాపురం వంటి పట్టణాలలో ఈ ఆధారాలు ఎలా వర్తిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

పిఠాపురం మద్రాసు, కలకత్తాలను కలిపే రైలుమార్గంపై, గోదావరి డెల్టాకు ఉత్తరపు అంచున ఉన్న పట్టణం. చుట్టుపక్కల నేల చదునుగా ఉండటం వలన సైకిలు వాడకానికి అనువైన ప్రాంతం. రెండవ ప్రపంచ యుద్ధానికి పూర్వం భారతదేశంలో అమ్ముడైన సైకిళ్ళలో అధిక భాగం ఇంగ్లాండు నుండి దిగుమతి అయినవి. రాలీ, హంబర్, రడ్జ్, బి.ఎస్.ఎ., హెర్క్యులెస్, ఫిలిప్స్ వీటిలో ముఖ్యమైనవి.

స్వాతంత్ర్యానంతరం స్వదేశీ కర్మాగారాలు పెరిగాయి. 1949లో మద్రాసు సమీపంలోని అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ ఏర్పడి, 1951 నుండి హెర్క్యులెస్ సైకిళ్ళను తయారు చేసింది. పశ్చిమ బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సెన్-రాలీ, 1951లో హర్యానాలోని (అప్పటి పంజాబు) సోనీపట్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో సైకిల్స్ ప్రారంభమయ్యాయి. కనుక ఒకే పేరు గల సైకిలు ఇంగ్లాండులో తయారైనది కావచ్చు, భారతదేశంలో తయారైనదీ కావచ్చు. మొదట తేల్చవలసినది ఈ విషయమే.

క్రమసంఖ్య ఉండు చోటు

సంఖ్య సాధారణంగా ఈ క్రింది మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది.

* సీటు గొట్టం పైభాగాన, సీటు బిగించే బోల్టు దగ్గర
* పెడళ్ళ ఇరుసు తిరిగే అడ్డ గొట్టం అడుగు భాగాన
* వెనుక చక్రం ఇరుసు కూర్చునే పలక మీద

పిఠాపురానికి సమీపంలోనే ఉప్పాడ సముద్రతీరం కలదు. తీరప్రాంతపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. దానికి తోడు పలుమార్లు వేసిన రంగు అంకెలను పూడ్చివేస్తుంది. సంఖ్యను చదవడానికి కిరసనాయిలులో తడిపిన గుడ్డతో మురికి తుడిచి, పలుచని కాగితం ఉంచి పెన్సిలుతో రుద్దితే అంకెల అచ్చు కాగితంపై తేలుతుంది. ఆకురాయి గాని గరుకు కాగితం గాని వాడరాదు. లోతు తక్కువగా గుద్దిన అంకెలు అరిగి శాశ్వతంగా పోతాయి.

క్రమసంఖ్యగా పొరబడే సంఖ్యలు మరికొన్ని ఉన్నాయి. అద్దె సైకిళ్ళ దుకాణాలవారు మడ్గార్డులపై రంగుతో వ్రాసిన సంఖ్య కేవలం దుకాణపు లెక్క కోసం వేసినది. గొట్టాలను కలిపే అతుకులపై ఉబ్బెత్తుగా ఉండే అంకెలు ఆ విడిభాగం నమూనాకు చెందినవి.

సంఖ్యను అర్థం చేసుకొనుట

రాలీ సంస్థ 1973లో కొత్త పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇందులో మొదటి అక్షరం కర్మాగారాన్ని (ఎన్ అనగా నాటింగ్‌హామ్, డబ్ల్యూ అనగా వర్క్‌సాప్), రెండవ అక్షరం సంవత్సరంలోని భాగాన్ని, ఆ తరువాతి అంకె సంవత్సరపు చివరి అంకెను తెలుపుతాయి. ఆ అంకె 4 అయితే 1974 కావచ్చు, 1984 కావచ్చు. దశాబ్దాన్ని విడిభాగాలను బట్టి నిర్ణయించాలి. 1973కు ముందరి రాలీ సంఖ్యలకు ఇటువంటి నమ్మదగిన క్రమం లేదు. అందుచేత పిఠాపురం వంటి చోట్ల దొరికే పాత దిగుమతి సైకిళ్ళకు సంఖ్య కంటే మిగిలిన ఆధారాలే ముఖ్యం.

విడిభాగాలపై ముద్రలు

మూడు గేర్లు గల స్టర్మీ-ఆర్చర్ హబ్బులలో చాలావాటిపై తయారైన సంవత్సరం చివరి రెండు అంకెలు గుద్ది ఉంటాయి. 52 అని ఉంటే ఆ హబ్బు 1952 నాటిది. హబ్బు కర్మాగారంలో కొంతకాలం నిలువ ఉండవచ్చు గనుక సైకిలు ఆ తరువాత కొన్ని నెలలకు తయారై ఉండవచ్చు. చక్రం తరువాత మార్చినదైతే ఈ ఆధారం ఫ్రేముకు వర్తించదు.

సంస్థల చరిత్ర

సంస్థల చేతులు మారిన సంవత్సరాలు సైకిలు వయసుకు హద్దులు ఏర్పరుస్తాయి. రాలీ సంస్థ హంబర్ సైకిళ్ళను 1932లో, రడ్జ్‌ను 1943లో, బి.ఎస్.ఎ. సైకిళ్ళను 1957లో స్వాధీనం చేసుకున్నది. టి.ఐ. సైకిల్స్ భారతదేశంలో బి.ఎస్.ఎ. పేరును 1964లో ప్రవేశపెట్టింది. కావున టి.ఐ. వారి బి.ఎస్.ఎ. సైకిలును 1950 నాటిదని చెప్పి అమ్మితే అది నిజం కాజాలదు. సెన్-రాలీ 1980లో ప్రభుత్వరంగ సంస్థగా మారింది.

చిరునామాలు, రసీదులు

అమ్మకందారు తగిలించిన పేరు బిళ్ళ, ఇంట్లో దాచిన రసీదు ఈ ప్రాంతంలో మంచి ఆధారాలు. ఆంగ్లంలో కాకినాడను పూర్వం కోకనాడ అని వ్రాసేవారు. తూర్పు గోదావరి జిల్లా అనే పేరు 1925 నుండి వాడుకలోకి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న, ఆంధ్ర ప్రదేశ్ 1956 నవంబరు 1న ఏర్పడ్డాయి. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైనది.

కొత్త పేరు ఉన్న కాగితం ఆ పేరు రాకముందుది కాజాలదు. కాని పాత పేరు ఉన్నంత మాత్రాన కాగితం పాతదని చెప్పలేము. ముందే అచ్చు వేయించిన రసీదు పుస్తకాలు పేరు మారిన తరువాత కూడా వాడేవారు.

జాగ్రత్తలు

దొంగిలించిన సైకిలును గుర్తించడానికి కూడా ఫ్రేము సంఖ్యే ఆధారం. అంకెలు వరుస తప్పి ఉన్నా, చుట్టూ లోహం అరగదీసినట్లున్నా సంఖ్యను తిరిగి గుద్దినట్లు అనుమానించాలి. పాత సైకిలును బాగుచేసేవారు మెరుపు కోసం పాత రంగును, గీతలను, పేరు బిళ్ళలను తొలగిస్తే కాలనిర్ణయానికి ఉన్న ఆధారాలు పోతాయి. పని మొదలుపెట్టక ముందే అన్నివైపుల నుండి ఛాయాచిత్రాలు తీసి, సంఖ్యను వ్రాసిపెట్టుకోవాలి.

ఆధారాలన్నీ చూసిన తరువాత కూడా కచ్చితమైన సంవత్సరం తేలకపోతే ఒక సంవత్సరాన్ని ఊహించి వ్రాయరాదు. "1953-1956 మధ్య" వంటి హద్దులతో, ఏ ఆధారం వలన ఆ హద్దు ఏర్పడినదో తెలుపుతూ నమోదు చేయడం సరైన పద్ధతి.