పేరు దాచి రుచి చూడండి!

మామిడిపళ్ళ రోజులు వచ్చాయంటే తెలుగువారి ఇళ్ళలో రెండు పార్టీలు బయలుదేరుతాయి. ఒకటి రసాల పార్టీ, రెండవది కోతపళ్ళ పార్టీ. రసాలవారి దృష్టిలో పండును కత్తితో కోసి ముక్కలు చేసుకు తినేవాడికి పండు తినడమే రాదు. కోతపళ్ళవారి దృష్టిలో మోచేతులదాకా కార్చుకుంటూ జుర్రుకునేవాడికి ఇంకా పసితనం వదలలేదు. ఈ వివాదంలో విచిత్రమేమిటంటే, ఇరుపక్షాలవారూ తీర్పు ముందు చెప్పి పండు తరువాత తింటారు. బుట్టలో ఉన్నది ఏ ఊరి పండో చెవిన పడగానే నాలుక తన అభిప్రాయం స్థిరపరచుకుంటుంది.

మరి పేరు చెప్పకుండా పెడితే?

ఈ ప్రశ్నను ద్రాక్షసారా విషయంలో పాశ్చాత్యులు చాలాకాలంగా వేసుకుంటున్నారు. వారు స్నేహితులను పిలిచి, సీసాలకు గుడ్డ చుట్టి, ఏది ఏదో చెప్పకుండా గ్లాసుల్లో పోసి రుచి చూపించడం ఒక వినోదం. ఆ వినోదమే ఒకసారి పెద్ద సంచలనమై కూర్చున్నది. పారిస్ నగరంలో వైను దుకాణం నడుపుతున్న స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వర్తకుడు 1976 మే 24న ఇటువంటి పరీక్ష ఏర్పాటు చేశాడు. లెక్కలోకి తీసుకున్నది తొమ్మిదిమంది ఫ్రెంచి నిపుణుల మార్కులనే. తెల్లవి పది, ఎర్రవి పది. ప్రతి పదింటిలో ఆరు కాలిఫోర్నియావి, నాలుగు ఫ్రాన్సువి. ఫ్రాన్సు గెలవడంలో ఎవరికీ సందేహం లేదు. ఒక నిపుణుడు కాలిఫోర్నియా వైనును చప్పరించి, హమ్మయ్య, మళ్ళీ మన ఫ్రాన్సుకు వచ్చామని సంతోషించాడట! ముసుగులు తీసి చూస్తే తెల్లవాటిలోనూ ఎర్రవాటిలోనూ మొదటి స్థానం కాలిఫోర్నియాదే. ఒక న్యాయనిర్ణేత తన మార్కుల కాగితం తిరిగి ఇచ్చెయ్యమని పట్టుబట్టారని చెబుతారు.

ఇది నిపుణుల తెలివితక్కువ అనుకుంటే పొరపాటు. మనిషి నిర్మాణమే అంత. నాలుక ఒంటరిగా పనిచెయ్యదు. ముక్కు మూసుకుని ఏ పండు తిన్నా తీపి, పులుపు వంటివి తప్ప మరేమీ తెలియవు. కన్ను ఇంకా గడుసుది. ఫ్రాన్సులోని బోర్డో విశ్వవిద్యాలయ పరిశోధకులు 54 మంది విద్యార్థులకు తెల్ల వైనులో రుచీ వాసనా లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. 2001లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, విద్యార్థులు దానిని ఎర్రవైనుకు వాడే మాటలతోనే వర్ణించారు. అంటే రుచి చూసింది నాలుక, సాక్ష్యం చెప్పింది కన్ను!

ద్రాక్షసారా మా ఇంటికి సరిపడే వస్తువు కాదు. అందుకని మొన్న వేసవిలో ఒక సాయంకాలం మామిడిపళ్ళతోనే ఈ పరీక్ష జరిపాము. వచ్చినవారిలో నూజివీడు మిత్రుడు సతీసమేతంగా వచ్చాడు. ఆయనకు చిన్న రసం తప్ప లోకంలో మరొకటి పండే కాదు. బనగానపల్లె ప్రాంతపు మిత్రుడు, తమ బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మూడుసార్లు చెప్పి కూర్చున్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన లెక్కల లెక్చరరు, "మేము దాన్ని బేనిషాన్ అంటాం. అంటే గుర్తులేనిది. ఇవాళ అన్ని పళ్ళూ బేనిషానే" అని నవ్వించాడు.

ఏర్పాట్లు ఆయనే చెప్పాడు. చిన్న రసం, పెద్ద రసం, చెరకు రసం, బంగినపల్లి - నాలుగు రకాలు. చల్లబడితే తీపి మందగిస్తుంది గనుక అన్నిటినీ ఒకే తొట్టి నీళ్ళలో ఉంచాము. పీచు చూసి పోల్చుకోకుండా గుజ్జును పలచని గుడ్డలో వడకట్టాము. ఒకే రకం స్టీలు గ్లాసులు, ఒక్కొక్కరికి ఎనిమిది. ఒక్కొక్క రకం రెండేసి గ్లాసుల్లో. ఎందుకంటే, ఒకే పండుకు రెండుసార్లూ ఒకే మార్కులు వేస్తారో లేదో తేలాలి గదా! గ్లాసులు నింపి అంకెలు వేసే పని వంటింట్లో మా అమ్మాయిది. ఏ అంకె ఏ పండో నాకు కూడా తెలియదు. తెలిస్తే నా ముఖమే చెప్పేస్తుందట! అందరి కళ్ళకూ తువ్వాళ్ళు కట్టాము. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య నాలుగు మరమరాలు, గుక్కెడు మంచినీళ్ళు.

వేడుక చూడాలి! నూజివీడు మిత్రుడు ఒక గ్లాసు దగ్గర ఆగి, "ఇదీ పండంటే! మా నాన్నగారి తోట కళ్ళకు కట్టింది" అని తొమ్మిది మార్కులు వేశాడు. అది బంగినపల్లి. తన చిన్న రసానికి ఒక గ్లాసులో ఎనిమిది, రెండవ గ్లాసులో అయిదు వేశాడు. బనగానపల్లె మిత్రుడు విరగబడి నవ్వాడు. తన చీటీ విప్పాక ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన పట్టం కట్టినది చెరకు రసానికి.

ఇంతలో మా అమ్మాయి చివరి చీటీ తెచ్చింది. నూజివీడు మిత్రుని భార్యది. మార్కులతో ఊరుకోక, ఆమె ప్రతి గ్లాసుకూ పండు పేరు కూడా చెప్పి రాయించింది. ఎనిమిదికి ఎనిమిదీ సరిపోయాయి!

గదిలో ఒక్క నిమిషం మాట లేదు.

"ఇన్నేళ్ళుగా నాతో ఒక్కసారైనా అనలేదేం?" అన్నాడు భర్త.

"మీరెప్పుడైనా అడిగారా?" అన్నదామె. "మీకూ పిల్లలకూ రసం తీసి ఇచ్చి, టెంకలు చీకేదాన్ని నేనే గదండీ. ఎంత రుచైనా టెంక దగ్గరే తెలుస్తుంది."

ఊహించి చెప్పిందేమోనని ఎవరో గొణిగారు. లెక్కల మిత్రుడు ఊరుకోలేదు. నాలుగు రకాలను రెండేసి చొప్పున ఎనిమిది గ్లాసులకు 2,520 విధాలుగా పంచవచ్చునట. గుడ్డిగా చెబితే అన్నీ సరిపడే అవకాశం 2,520లో ఒక్కటి!

తరువాత ఆయన చెప్పిన కథ ఇది. 1920ల ప్రాంతంలో ఇంగ్లండులోని రాథంస్టెడ్ పరిశోధనాకేంద్రంలో మ్యూరియెల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో రుచి చూసి చెప్పగలనన్నది. పక్కవారు నమ్మలేదు. రొనాల్డ్ ఫిషర్ అనే గణాంకవేత్త ఈ సంగతినే ఆధారంగా తీసుకుని, 1935లో అచ్చయిన తన గ్రంథంలో ఎనిమిది కప్పుల పరీక్షను వివరించాడు. ఊరికే చెబితే అన్నీ సరిపోయే అవకాశం 70లో ఒకటి. ఆధునిక ప్రయోగపద్ధతికి ఆ కథ తొలిపాఠం వంటిది. విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన మన సి.ఆర్. రావుగారు కేంబ్రిడ్జిలో పరిశోధన చేసినది ఆ ఫిషర్ శిష్యరికంలోనే.

ఈ కథలన్నిటిలో నాకు కనపడిన సారం ఒక్కటే. పేరు దాచడం పెద్దపేరును అవమానించడానికి కాదు, పేరులేనిదానికి ఒక అవకాశం ఇవ్వడానికి. కాలిఫోర్నియాకు దక్కినదీ, టీ కప్పు పట్టుకున్న ఆమెకు దక్కినదీ, మా మిత్రుని ఇల్లాలికి దక్కినదీ అదే. విశ్వవిద్యాలయాల జవాబుపత్రాలలో విద్యార్థి వివరాలున్న భాగం చించి, అంకె వేసి మాకు పంపేది కూడా ఇందుకే. ఐ.ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో కవుల పేర్లు చెప్పకుండా పద్యాలు పంచి అభిప్రాయాలు రాయించి, 1929లో వాటిని పుస్తకంగా తెచ్చాడు. పేరు తెలియనప్పుడు గొప్ప కవిని తోసిపుచ్చినవారూ, సామాన్యుణ్ణి మెచ్చినవారూ అందులో కొల్లలు. మన ఆలంకారికులు కూడా కావ్యానందానికి 'రసం' అనే పేరే పెట్టారు. పండైనా పద్యమైనా ఆస్వాదించవలసినది దానినే గాని, దాని చిరునామాను కాదు.

అలాగని పేరుకు విలువే లేదనను. నాన్నగారు నాటిన చెట్టు పండులో గుడ్డకు దిగని రుచి ఒకటి ఉంటుంది. దానికి మార్కులు వెయ్యరాదు, వెయ్యనక్కరలేదు. కాని ఇతరుల పండు తీసికట్టని చెప్పేముందు మాత్రం ఒకసారి కళ్ళు మూసుకోవడం మంచిది.

వచ్చే వేసవిలో మీ ఇంట్లోనూ పెట్టి చూడండి. నాలుగు రకాలు చాలు, అంతకు మించితే నాలుక అలసిపోతుంది. చీటీలు అందరిచేతా రాయించండి. ముఖ్యంగా, రోజూ అందరికీ వడ్డించి చివర తినే మనిషి చేత.